టేపులో లేని ముక్క

పోయిన నెల నోయిడాలో మా అమ్మాయి ఫ్లాటులో ఉండగా, పియానో నేర్చుకుంటున్న మనవరాలు ఫోనులో ఒక పాశ్చాత్య పియానో రచన, సొనాటా అంటారు, అందులోని నెమ్మది భాగం పెట్టింది. నాకు కంఠతా వచ్చిన భాగం. సగం దాటాక ఒకచోట నేనెన్నడూ వినని ముక్క వచ్చింది. "ఆపమ్మా, వీడెవడో సొంతం కలిపాడు," అన్నాను. ఆ పిల్ల ఇంకొకరిది పెట్టింది. అందులోనూ ఉంది. మూడోవాడూ అదే వాయించాడు. "తాతా, సబ్ గలత్ హై క్యా, అందరూ తప్పేనా? నోట్స్‌లోనే ఉంది, యే దేఖో," అని స్వరాలు అచ్చువేసిన కాగితం చూపించింది. ముప్పై ఏళ్ళ కిందట ఒక మనిషికి నేను చేసిన అన్యాయం ఆ కాగితం మీద అచ్చయి ఉంది.

నేను చదివింది పదో తరగతి, చేసింది కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా పని. సంగీతం నాకెవరూ నేర్పలేదు. ఆఫీసులో ఒక బెంగాలీ పెద్దమనిషి తన రికార్డు నుంచి కాసెట్టులోకి ఎక్కించి ఇస్తే, క్వార్టర్లో కూలరు ఆపి మరీ వినేవాణ్ణి, జూన్ నెలలో, ఒళ్ళంతా చెమటతో, ఇంట్లోవాళ్ళ తిట్ల మధ్య. దర్యాగంజ్ ఆదివారం అంగట్లో కొన్న పాత పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. అలా సంపాదించిన జ్ఞానానికి పొగరెక్కువ. కచేరీలో మొదటి వరసలో కూర్చుని నిద్రపోయే ఆఫీసర్లంటే నాకిప్పటికీ మంటే.

మా ఎదురు క్వార్టర్లో గుంటూరు వైపు నర్సు ఒకావిడ ఉండేది. కాలనీ అంతా సిస్టరమ్మ అనేవాళ్ళం. మిషను బళ్ళో పియానో నేర్చుకుంది. చర్చి హాల్లో ఎలకలు కొరికిన పాత పియానో ఉంటే, డ్యూటీ దిగి బట్టలైనా మార్చుకోకుండా దాని ముందు కూర్చుని, నా ప్రాణంలాంటి ఆ భాగమే ఆరు నెలలు సాధన చేసింది. కృతజ్ఞతా కూటం నాడు వాయించింది. మనవాళ్ళ సభల్లో ఒక ఆచారం ఉంది కదా, ఏదైనా ముగియగానే తెలిసినవాణ్ణి లేపి 'రెండు మాటలు' చెప్పమంటారు. పాస్టరుగారు నన్ను లేపారు.

"సిస్టరమ్మగారు శ్రద్ధగా వాయించారు. కాకపోతే మధ్యలో కొంత సొంత కవిత్వం కలిపారు. మహానుభావుల రచనకి మనం అతుకులు వెయ్యకూడదు," అన్నాను మైకులో.

హాలు నవ్వింది. ఆవిడ స్టూలు మీద నుంచి లేవకుండానే, "పుస్తకంలో ఉన్నదే వాయించాను తమ్ముడుగారూ," అంది.

"మీ పుస్తకం ఎక్కడ అచ్చయిందో గాని, నేను కొన్ని వందలసార్లు విన్నానమ్మా."

మళ్ళీ నవ్వారు. ఆవిడ పియానో మూత దించింది. ఆ తర్వాత ఆవిడ వాయించగా ఎవరూ వినలేదు. కొన్నాళ్ళకు పియానోని వరండాలోకి నెట్టి, దానిమీద వంటగిన్నెలు బోర్లించారు. ఆవిడ రిటైరయింది, జబ్బుపడింది, రెండేళ్ళ కిందట పోయింది.

బెంగాలీ ఆయన రికార్డు మీద గీత ఉండి ఉంటుంది. సూది ఆ ముక్క మీంచి దూకి, అవతల స్వరంతో అతుకు తెలియకుండా కలిసింది. నేను ఆ గీతనే శాస్త్రమనుకున్నాను.

మొన్న మెట్రో ఎక్కి ఆవిడ భర్త దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను.

"ఆవిడకి తెలుసండీ. పుస్తకం చూపిద్దామని మర్నాడే మీ గుమ్మందాకా వచ్చింది. లోపల మీ టేపు మోగుతోందంట. అది దూకిన చోటు పట్టేసి, పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగొచ్చేసింది. పాపం, ఆయనకున్నది అదొక్కటే, చెప్పి చెడగొట్టడమెందుకు అంది."

"మరి వాయించడం ఎందుకు మానేశారు?"

"కూర్చుంటే ఆ నవ్వులే వినపడుతున్నాయంది. టీ తాగుతారా?"

నాకు కోపం వచ్చింది. నామీద జాలిపడమని ఎవరడిగారు? టీ తాగకుండా లేచి వచ్చేశాను. మెట్రోలో నాలుగు స్టేషన్ల వరకు ఆ చనిపోయిన మనిషితోనే పోట్లాడాను. రెండేళ్ళ ముందు ఈ సంగతి తెలిసుంటే ఎంత బాగుండేదో అనుకోబోయి ఆగిపోయాను. అంతకు ముందు ఇరవయ్యెనిమిదేళ్ళు ఆవిడ బతికే ఉంది, ఆ పుస్తకం ఒకసారి చూపించమని నేనే అడగలేదు.