పెద్దమ్మ ఇంటి నడిగోడ

మా పెద్దమ్మ పోయింది. తాడేపల్లిగూడెంలో తన అద్దె ఇంట్లో కాఫీ కలుపుకుంటూ కూలబడింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఫోన్ చేసిన పక్కింటావిడ, "బాధేం పడలేదండీ" అంది. చివరి ఘడియ సంగతి ఆవిడకి తెలుసు. అంతకుముందు సంగతి నాకు తెలుసు.

ముదినేపల్లి దగ్గర పల్లెలో పెద్దమ్మది రాతి ఇల్లు. ఆ నల్లమట్టి నేలలో రాయి దొరకదు. వరదొచ్చినప్పుడల్లా మట్టిగోడలు కరిగిపోతుంటే, ఆవిడ మామగారి తండ్రి ద్వారకా తిరుమల వైపు మెరక నుంచి బళ్ల మీద ఎర్రరాయి తోలించి, గానుగ సున్నంతో కట్టించాడట. ఇల్లూ, పశువుల సావిడీ ఒకే కప్పు కింద. మధ్యన ఒకటే లావుపాటి గోడ, దానికో చిన్న తలుపు. జోరువానలో కూడా తడవకుండా వెళ్లి పాలు పితుక్కురావచ్చు. చిన్నప్పుడు నేను సెలవులకి వెళ్తే, చలికాలం గేదెల ఊపిరి వెచ్చదనం ఆ తలుపులోంచి మా పక్కల దాకా వచ్చేది. నేను ముక్కు మూసుకుంటే, "మూసుకోకురా, మనకి అన్నం పెట్టే వాసన అది" అనేది పెద్దమ్మ. అంత వెచ్చగా నేను మరే ఇంట్లోనూ పడుకోలేదు.

కొల్లేరు పొంగిన ఏడు వీధి వీధంతా ఆ సావిడిలోనే తలదాచుకుంది. పెద్దమ్మ గేదెలను ఓ పక్కకి కట్టేసి, అందరికీ ఎండుగడ్డి పరిచి, నీళ్లు తీసేదాకా పొయ్యి ఆరనివ్వలేదు.

పెదనాన్న పోయాక పంపకాల్లో ఇల్లు పెద్దమ్మకీ, సావిడి ఆవిడ మరిదికీ వచ్చాయి. ఆయన చేపల చెరువులు తవ్వించాడు. మేత బస్తాలకి గోడౌను కావాలని సావిడి పడగొట్టబోయాడు.

"మరిదిగారూ, నా ఇంటి దూలం నడిగోడ మీదే ఉందండీ. దాన్ని మాత్రం ముట్టుకోకండి" అని పెద్దమ్మ బతిమాలింది.

"గోడలో సగం నాదే కదండీ వదినగారూ. మీ సగం మీకు వదిలేస్తాను."

పెద్దమనుషులు కూర్చున్నారు. వరదప్పుడు ఆ సావిడిలో పడుకున్నవాళ్లే. "ఆయన వాటా ఆయనిష్టమండీ" అని తేల్చేశారు. పెద్దమ్మ వాళ్లకి మంచినీళ్లిచ్చి, లోపలికెళ్లి తలుపేసుకుంది.

జేసీబీ గోడను సావిడి వైపు నుంచి సగం మందానికి ఒలిచేసింది. వానాకాలం రాగానే మిగిలిన సగం ఉబ్బి, దూలంతో సహా కూలింది. వంటింట్లో ఉండబట్టి పెద్దమ్మ బతికింది. రాళ్లు కూడా మరిదే తన చెరువు గట్టుకి తోలించుకున్నాడు. ఆవిడ తాడేపల్లిగూడెం వచ్చేసింది. మళ్లీ ఆ ఊరి పేరెత్తలేదు. నేను ఆ మరిదినీ, పెద్దమనుషుల్నీ తిట్టబోతే, "అన్నం తినేటప్పుడు వద్దురా" అని కంచంలో ఇంకాస్త వడ్డించేది.

మొన్న పెద్దమ్మను ఆసుపత్రి నుంచి తీసుకొస్తే ఇంటి ఓనరు గేటు తీయలేదు. "ఏమీ అనుకోకండి. శవాన్ని లోపల పెడితే మళ్లీ అద్దెకెవరూ రారండీ" అన్నాడు. ఫ్రీజర్ పెట్టెను రోడ్డు వారనే దించాం. పక్కనున్న ఇస్త్రీ బండివాడు తన బల్బు వైరు నుంచి దానికి కరెంటు ఇచ్చాడు. మరిది పెద్ద దండ తెచ్చి వేసి, "మా వదిన దేవతండీ" అని వచ్చినవాళ్లందరితో అంటూ నిలబడ్డాడు.

ఇంతలో కొల్లేటికోట వైపు నుంచి చేపల లారీ వచ్చి హారన్ కొట్టింది. సందు చాల్లేదు. నలుగురం పెట్టెను ఎత్తి, పెద్దమ్మను మురుక్కాలవ పక్కకి జరిపాం. లారీ మెల్లగా దాటింది. దాని ఐసునీళ్లు మా కాళ్ల మీద పడుతూ, రోడ్డు పొడుగునా కారుతూ పోయాయి.