నక్షత్రం లేని ఇల్లు

మా ఆయమ్మ పోయింది. బేతమంగళ బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నాలు పెట్టిస్తున్న వేళ ఆండర్సన్‌పేట నుంచి ఆటో నాగరాజు ఫోన్ చేశాడు. "అక్కా, ఆయమ్మ అయిపోయిందక్కా. ఆటోలోనే ఉండాది. యాడ దించాల్నో తెలీడం లేదు, నువ్వు రా" అన్నాడు.

పోయిందన్న మాటకు నాకు ఏడుపు రాలేదు. ముసలి మనిషి, కాళ్ళకు నీరు పట్టి చాలా రోజులైంది. యాడ దించాల్నో తెలీడం లేదన్న మాటకు మాత్రం గరిటె అన్నంలోనే వదిలేసి, పక్క టీచరుకు చెప్పి బస్సెక్కాను. మా వీధి వీధంతా తమ చావులను తెచ్చి ఆమె ఇంట్లో దించి పోయింది. ఆమె చావును దించుకోవడానికి ఆ వీధిలో ఒక్క గడప దొరకలేదు. స్మృతి అంటే మెత్తగా రాయాలంటారు. నాకు చేతకాదు, కోపంతోనే రాస్తున్నాను.

ఆయమ్మ మాకు చుట్టం కాదు. మా ఊరి బంగారు గని ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది, అందుకని చిన్నాపెద్దా అందరికీ ఆయమ్మే. గనులు మూతపడ్డాక ఆసుపత్రిలో పారేస్తున్న ఒక ఇనుప మంచాన్నీ, అంచు పెచ్చులూడిన ఒక పింగాణీ బెడ్‌పాన్‌నూ అడిగి ఇంటికి తెచ్చుకుంది. మంచానికి ఒక కాలు లేదు, ఇటుక పెట్టింది. ఇల్లంటే గని కూలీల లైన్ల చివర రేకుల కప్పు కింద రెండు గదులు, ముందు గదిలో ఈ మంచం. తలుపు మీద సుద్దతో గీసిన సిలువ ఉండేది, వానకు చెరిగిపోతే మళ్ళీ గీసేది.

ఆ ముందు గది దేనికో తెలియాలంటే మా హిందువుల ఆచారం ఒకటి చెప్పాలి. ధనిష్ఠ మొదలు కొన్ని నక్షత్రాలను పంచకం అంటాం. ఆ నక్షత్రాల్లో ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఇంటికి కీడని, ఆరు నెలలు తాళం పెట్టి, గుమ్మానికి ముళ్ళకంప కొట్టి అందరూ వెళ్ళిపోవాలి. సొంతవాళ్ళయితే ఏడుస్తూ ఆ కష్టం పడతారు. అద్దెకున్నవాడి కోసం ఎవరు పడతారు? అందుకని మా వీధిలో ఇళ్ళ ఓనర్లు అద్దెకున్నవాళ్ళు మూలుగుతూ మంచం పట్టారంటే చాలు, పంచాంగం తిప్పించేవాళ్ళు. డాక్టరు రాకముందు పంతులు వచ్చేవాడు.

మా నాయన గనిలో కట్టెలు నిలబెట్టే పని చేసి ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము తెచ్చుకున్నాడు. ఆయన ఆఖరి రోజుల్లో మా ఇంటి ఓనరమ్మ గుమ్మం అవతలే నిలబడి మాట్లాడింది. "పొద్దుపోతే కెట్ట నచ్చత్రం, ఆ పంచకం, పడతాదంట. మీ ఆయన్ని ఇంగ యాడికన్నా తీసుకపోమ్మా. నాకూ బిడ్డలుండారు."

"యాడికి పోదుము ఓనరమ్మా? మనిషికి ఊపిరాడ్డం లేదే!" అంది మా అమ్మ.

"ఆయమ్మ ఇల్లుండాది గదా. వాళ్ళకి ఈ నచ్చత్రాలు గిచ్చత్రాలు లేవు."

నాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నడివీధిలో మోసుకుపోయాం. పగలే. ఓనరమ్మ మా వెనకే పసుపునీళ్ళు చల్లింది, ఇంకా చావని మనిషికి. ఆయమ్మ గుమ్మంలోకి వచ్చి ఎవరు, ఏమిటి అని అడగలేదు. "దించండి. మొగం వీధి దిక్కు పెట్టండి. గోడ చూసుకుంటా పోకూడదప్పా మనిషి. మనుషుల్ని చూస్తా పోవాల" అంది.

ఆమెది తియ్యటి నోరు కాదు. నేను చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంటే లాగి పారేసింది. "రేపు నువ్వు గూడా ఇట్లనే కంపు కొడతావు పాపా. అప్పుడు నీ బిడ్డ ముక్కు మూసుకుంటే ఎట్లుంటాది?" మొదటిసారి తను కడిగి చూపించేది, ఆ తర్వాత సొంతవాళ్ళే కడగాలి. దించేసి జారుకుందామనుకున్న కొడుకుల్ని వాళ్ళ ఇంటిముందుకు వెళ్ళి వీధి వినేలా తిట్టేది. "మీ నాయనకు ఊపిరుండాది, నాకు గొంతుండాది, రండ్రా!" అనేది. వచ్చేవాళ్ళు, సిగ్గుతో కాదు, ఆ గొంతుకు భయపడి.

మా అవ్వ, అంటే నాయన తల్లి, ఊరి నుంచి వచ్చి కొడుకు పక్కన కూర్చుంది గానీ ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. చెంబు వెంట తెచ్చుకుంది. ఆయమ్మ చెంబు చూసింది, అవ్వను చూసింది. "నీ కొడుకు తాగుతుండాడు లేమ్మా నా నీళ్ళు. నువ్వు గూడా ఈ మంచం ఎక్కినాక తాగుదువులే." అవ్వ మండిపడింది. నాలుగేళ్ళకు అదే మంచం మీద ఆయమ్మ చెంచాతో పోస్తే గుటకలు వేసి తాగింది. ఆయమ్మ ఆ పాత మాట ఎత్తలేదు. నాకు మాత్రం గుర్తొచ్చింది.

ఇంటి వెనక పెయింటు డబ్బాలో తులసి మొక్క పెంచేది ఆయమ్మ. క్రైస్తవురాలి ఇంట్లో తులసి! నాయన ఆఖరి ఘడియలో మా అమ్మ తులసినీళ్ళు అడగడానికి బెదురుతుంటే, తనే నాలుగాకులు తుంచి నీళ్ళలో వేసి ఇచ్చింది. "పొయ్యమ్మా. మీ దేవుణ్ణి పిలుచుకో. నేను బయట ఉంటా" అంది. నాయన పోయాక లోపలికి వచ్చి, కళ్ళు మూసి, అప్పుడు మోకరించి తన ప్రార్థన తను చేసుకుంది, పెదవులు కూడా కదలకుండా.

ఆ తులసి మొక్క సంగతి చర్చికి చేరింది. సంఘ పెద్ద ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చి, విగ్రహారాధన చేసేవాళ్ళ ఆచారాలు నీ ఇంట్లో ఎట్లా జరుగుతాయని నిలదీశాడు. ఆయమ్మ ఎవరిదో పంచె ఉతుకుతూనే జవాబు చెప్పింది. "దప్పికన్నోడికి నీళ్ళియ్యమన్నాడు సామి. అందులో ఆకు ఉండకూడదని యాడన్నా చెప్పినాడా అయ్యగారూ?" ఆయన దగ్గర అధికారం ఉంది. ఆమెను ప్రభు బల్లకు రావద్దన్నారు. ఆదివారం మిగతావాళ్ళు రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే ఆమె వెనక బెంచీలో తలవంచుకుని కూర్చునేది. కొన్నాళ్ళకు సంఘం పుస్తకంలో పేరు కూడా కొట్టేశారు. అయినా పోయేది. "సామిని చూసేదానికి పోతుండా, వీళ్ళని చూసేదానికి గాదు" అనేది. అన్నప్పుడు మాత్రం నా వైపు చూసేది కాదు.

ఇటువైపు వాళ్ళూ తక్కువ తినలేదు. చచ్చేవాళ్ళ మతం మారుస్తోందని కొందరు కుర్రాళ్ళు గుంపుగా వచ్చి ఇంటిముందు కేకలు వేశారు. "మార్చినా ఒక్కాదివారం గూడా చర్చికి రాలేరు గదప్పా వీళ్ళు. నాకేమి లాభం?" అంది. "వచ్చినారు గదా, ఒక చెయ్యి వెయ్యండి. ఈయన్ని పక్కకి తిప్పాల, వీపు పుండయిపోయినాది." కేకలు ఆగిపోయాయి. చెయ్యి వెయ్యడానికి ఒక్కడూ లోపలికి రాలేదు.

ఒక వానాకాలం ఆ ముందు గది గోడ కూలి, ఇల్లు ఉండేందుకు పనికిరాకుండా పోయింది. అప్పుడు చూడాలి మా జనాన్ని! ఆమె చర్చి మనిషి కదా, చర్చివాళ్ళే కట్టిస్తారంది వీధి. అన్యులకు సేవ చేసింది కదా, ఆ అన్యులే కట్టించాలంది సంఘం. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. గోడ మాత్రం లేవలేదు.

అప్పుడు ఆయమ్మకు గది ఇచ్చింది ఎవరో కాదు, మా పాత ఓనరమ్మే. దయ అనుకునేరు! ఓనరమ్మ అత్త పక్షవాతంతో పడి ఉంది, ఎత్తి దించే మనిషి కావాలి. పెరటి వైపు గది ఇచ్చి, అత్త చాకిరీ అంతా చేయించుకుంది. ఒక షరతు పెట్టింది, చచ్చేవాళ్ళనెవరినీ కాంపౌండులోకి తేకూడదని. మంచాన్ని గోడకు నిలబెట్టి ఆయమ్మ చాప మీద పడుకునేది.

నాతో బేతమంగళ వచ్చెయ్యమని ఎన్నిసార్లు అడిగానో. "నేను పోతే ఈ వీధిలో మనుషుల్ని పక్కకి తిప్పేదానికి ఎవురుండారు పాపా?" అనేది. పిలిచినవాళ్ళ ఇళ్ళకు ఆ వాచిన కాళ్ళతోనే వెళ్ళి వచ్చేది. "నన్నెవురు తిప్పుతారో ఏమో" అని నవ్వింది ఒకసారి. నేను తిట్టాను.

ఓనరమ్మ అత్త ఈ వేసవిలో పోయింది. నక్షత్రం మంచిదే పడింది. ఆ తర్వాత ఆయమ్మ జ్వరంతో పడుకుంది. ఓనరమ్మ పంచాంగం తిప్పించింది. ఆ తెల్లవారుజామునే పంచకం మొదలైంది. మూడేళ్ళు తన అత్త మలమూత్రాలు ఎత్తిన మనిషిని, "మీ చర్చిలో దించిరమ్మని చెప్పినాను" అని ఆమెతోనే చెప్పి నాగరాజు చేతుల్లో పెట్టింది. నాగరాజు తల్లి కూడా ఆ ఇనుప మంచం మీదే పోయింది. అతనొక్కడే ఆయమ్మను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. సాయం పట్టడానికి ఎవరూ రాలేదు, అంత బరువూ లేదు.

నేను బస్సు దిగి వీధిలోకి వచ్చేసరికి ఆటో ఓనరమ్మ గేటు ముందు ఉంది. ఆయమ్మ ఒరిగిపోకుండా నాగరాజు తన కండువాతో సీటుకు కట్టాడు. జనం ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి చూస్తున్నారు.

"ఈడికెందుకు తెచ్చినావురా? చర్చికి తీసుకపో అంటి గదా!" ఓనరమ్మ గేటు లోపలి నుంచి అరుస్తోంది.

"చర్చి గేటుకు బీగం. సంఘ పెద్దకు ఫోన్ చేస్తే, ఆమె పేరు మా పుస్తకంలో లేదు, ఆసుపత్రికి పో అన్నాడు."

"అయితే ఆసుపత్రికే పో!"

"అయిపోయిన మనిషిని ఆసుపత్రిలో ఏం చేస్తారు? పొద్దున మీ రూములో నేను ఎత్తినప్పుడే ఊపిరి లేదు ఓనరమ్మా. చెబితే బెదురుకుంటారని చెప్పలేదు."

ఓనరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అబద్ధం! కండ్లు తెరిచే ఉండింది, కిటికీలో నుంచి చూస్తిని!"

"చచ్చినోళ్ళ కండ్లు గూడా తెరిచే ఉంటాయి. ఎవురన్నా ముయ్యాల."

పంతులు వచ్చాడు. ఊపిరి ఎక్కడ ఆగితే దోషం అక్కడే అన్నాడు. ఆరు నెలలు అన్నాడు. ఇల్లు ఎట్లాగూ చెడింది కాబట్టి ఇక అడ్డు చెప్పేవాళ్ళు లేరు. ఓనరమ్మ బీరువా ఖాళీ చేసి సూట్‌కేసులు సర్దుకుంటుంటే, నేనూ నాగరాజూ ఆయమ్మను ఆ ఇంటి వీధి వరండాలో, ఆమె మంచం మీదే పడుకోబెట్టాం. ఇటుక మర్చిపోలేదు.

సమాధుల దగ్గరికి చర్చివాళ్ళంతా వచ్చారు. సంఘ పెద్ద పూలదండ తెచ్చాడు. ఆమె మా సంఘానికి దీపం అన్నాడు. కొట్టేసిన పేరును ప్రార్థనలో ముమ్మారు పలికాడు. వీధివాళ్ళు ఫ్లెక్సీ కట్టించారు, అందులో ఆయమ్మ బొమ్మ అరచేయంత, కట్టించినవాళ్ళ బొమ్మలు తలకాయలంత. గోడకు ఇటుకలివ్వని చేతులే చందాలిచ్చాయి. నాకు ఆ ఫ్లెక్సీని చించి ఆ గుంటలోనే పూడ్చాలనిపించింది.

అందరూ వెళ్ళాక నాగరాజు మట్టి చేతులు తుడుచుకుంటూ నా పక్కకు వచ్చాడు. "రూములో పోలేదక్కా. చర్చి కాడ్నుంచి వస్తావుంటే, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ కింద, బస్టాపు ముందర పోయినాది. నీళ్ళడిగింది, ఇచ్చినాను. ఆటో ఆ దిక్కు తిప్పు నాయనా, జనం కనపడాల అంది. తిప్పినాను. కాలేజీ పిలకాయలు బస్సెక్కుతుండారు. వాళ్ళనే చూస్తా పోయినాది."

"మరి అక్కడ అట్లా ఎందుకు చెప్పినావప్పా?"

"రోడ్డు మీద పోయినాదని చెప్పేకి నోరు రాలేదక్కా. ఒక ఇల్లన్నా ఉండాల గదా ఆమెకి." సమాధి దిక్కు చూపించాడు. "ఆమె ఉంటే అబద్ధానికి నా చెంప పగలగొట్టేది."

మాది కన్నడ సీమ. ఓనరమ్మ మాతో తెలుగే మాట్లాడుతుంది గానీ తెలుగు చదవడం రాదు, చదివేది కన్నడమే. కాబట్టి ఈ సంగతి ధైర్యంగా రాస్తున్నాను. ఎవరైనా చదివి చెబితే చెప్పుకోండి.

పోయిన ఆదివారం ఆ వీధికి వెళ్ళాను. ఓనరమ్మ బెంగళూరులో కొడుకు దగ్గరుంది. పెద్ద ఇంటికి పెద్ద తాళం, గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప. ఆ కంప ముందు, వరండాలో, ఇటుక మీద నిలబడ్డ ఇనుప మంచం. దాని మీద పక్క వీధి నుంచి వాళ్ళ ఓనరు పంపేసిన ముసలాయన ఒకడు. కూతురు ఆయన వీపు తుడుస్తోంది, ముక్కుకు ఏ గుడ్డా అడ్డం లేదు. గేటు పక్కన పెయింటు డబ్బాలో తులసి.

"ఆరు నెల్ల తర్వాత ఓనరమ్మ వస్తే?" అని నాగరాజును అడిగాను.

"ఆ నచ్చత్రం నెలనెలా వస్తాది గదక్కా" అన్నాడు, ఆటో తుడుస్తూ. "ఈ మంచం మీద ఎవురో ఒకరు పోకుండా ఉంటారా?"

నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ జలదరించింది. ముసలాయన్ని కూతురు మెల్లగా ఇటు తిప్పింది, ముఖం వీధి దిక్కుకు. ఆ ఎండపూట వీధిలో ఒక్క మనిషి కూడా లేడు. నేను వెళ్ళి ఆయనకు ఎదురుగా, కనపడేటట్టు నిలబడ్డాను.