పట్టు తెరల వెనుక జాబితా

నా పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుండగా, జూన్‌లో, సామర్లకోట దగ్గరి మా ఇంజనీరింగ్ కాలేజీ వార్షికోత్సవ ప్రదర్శనకు నన్ను కన్వీనర్‌గా వేశారు. అప్పటికి నేను ఎలక్ట్రానిక్స్ శాఖాధిపతిని. ప్రైవేటు కాలేజీలో శాఖాధిపతి అంటే పాఠం చెప్పడంతో పాటు యాజమాన్యానికి జవాబు చెప్పుకోవలసిన మనిషి. ఆ రెండో పని నాకెప్పుడూ సరిగా రాలేదు.

ఫైనలియర్ విద్యార్థిని కరుణ ఒక ఆలోచన తెచ్చింది. వాళ్ల నాన్న పెద్దాపురంలో మగ్గం నేస్తారు. ఆయన నేసిన పట్టుబట్టను పన్నెండు పొడవాటి తెరలుగా లైబ్రరీ ముందు హాల్లో వేలాడదీసి, మనుషులు దగ్గరికొస్తే అవి కదిలేలా చేద్దామంది. మనిషి వచ్చినట్టు తెలిసేది ఫోను వల్ల. వైఫై ఆన్‌లో ఉన్న ఫోను ఊరికే ఉండదు. తెలిసిన నెట్‌వర్క్ దగ్గర్లో ఉందేమోనని ఉండుండి కేక వేస్తూనే ఉంటుంది. ప్రతి తెర వెనకా ఒక చిన్న రిసీవర్ పెట్టాం. కేక ఎంత గట్టిగా వినిపిస్తే ఫోను అంత దగ్గరున్నట్టు. ఆ బలాన్ని కరుణ పైథాన్‌లో రాసిన ప్రోగ్రాం లెక్కగట్టి తెర పైనున్న మోటారుకు పంపేది.

కేకతో పాటు ఫోను తన గుర్తింపు సంఖ్యనూ పంపుతుంది. తెర కదలడానికి ఆ సంఖ్యతో పనిలేదు. ఎంతమంది వచ్చారో ముఖ్య అతిథికి చెప్పాలని నాకు సరదా పుట్టి, ఒకే ఫోనును వెంటవెంటనే రెండుసార్లు లెక్కపెట్టకుండా సంఖ్యను ఒక్క నిమిషం గుర్తుంచుకుని చెరిపేసేలా రాయించాను. "మీ ఫోను వివరాలు భద్రపరచబడవు" అని గుమ్మం దగ్గర బోర్డు పెట్టించాను. కింద నా సంతకం.

ప్రదర్శన బాగా నడిచింది. వాచ్‌మన్ భార్య వైఫై లేని తన బటన్ ఫోను పట్టుకుని తెర ముందు నిలబడి, "నాకు కదలట్లేదేంటండీ" అని అడిగింది. కరుణ తన ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఉత్సవం అయిపోయాక కూడా తెరలు అక్కడే ఉంచుదామని ఎ.ఓ. గారు, అంటే కాలేజీ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్, అన్నారు. నేను పొంగిపోయాను.

దసరా సెలవుల ముందు కరుణ నా గదిలోకి రొప్పుతూ వచ్చింది. రెండో సంవత్సరం చదువుతున్న జ్యోతి అనే అమ్మాయిని సస్పెండ్ చేశారట. ఒక అబ్బాయితో పదకొండు సాయంత్రాలు ఆ హాల్లో నిలబడిందని, తేదీలతో సహా కాగితం ఇచ్చారట.

"మనం ఏదీ దాచట్లేదు కదమ్మా, వాళ్లకెలా తెలిసింది?" అన్నాను.

"ప్రోగ్రాంలో చెరిపే లైను ఎవరో తీసేశారు మేడం," అంది.

ఆ సాయంత్రానికే సంగతి బయటపడింది. ఎ.ఓ. గారు కంప్యూటర్ శాఖలో ఒకరి చేత ప్రోగ్రాం మార్పించి, ప్రతి కేకా ఒక ఫైల్లోకి చేరేలా చేయించారు. హాస్టల్ వైఫై కోసం పిల్లలిచ్చిన ఫోను గుర్తింపు సంఖ్యల పట్టిక ఆఫీసులో ఎలాగూ ఉంది. పైథాన్‌లో రెండు పట్టికలను కలపడం ఒక్క లైను పని. ఏ ఇద్దరి ఫోన్లు ఒకే తెర దగ్గర ఒకే సమయంలో తరచుగా ఉన్నాయో అడిగితే జంటల జాబితా వచ్చేసింది. దీన్నే డేటా మైనింగ్ అంటాం. విడివిడిగా ఏమీ చెప్పని వివరాలను కుప్పపోసి, ఎవరూ నోరు విప్పి చెప్పని సంగతిని తవ్వి తీయడం. ఏళ్ల తరబడి క్లాసులో ఇదే విద్యను మురిసిపోతూ చెప్పాను.

జాబితా చూశాక నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త ఫోన్లు కేక వేసేటప్పుడు తమ సంఖ్యను మార్చేస్తుంటాయి. పాతవి, చవకవి మార్చవు. దొరికినవాళ్లంతా పాత ఫోన్ల వాళ్లే. కూలీల పిల్లలు, గుమాస్తాల పిల్లలు. ఖరీదైన ఫోనున్న ఒక్క పేరూ అందులో లేదు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి గదిలో విచారణ. బయట జ్యోతిని పక్కకు పిలిచి, ఆ ఫోను ఎవరి చేతిలో ఉందో రుజువు చేయలేరని వాదిస్తానన్నాను.

"ఉన్నది నేనేనండి," అంది ఆ అమ్మాయి. "మాట్లాడుకున్నాం. అందులో తప్పేంటండి?"

సిగ్గేసింది. నేను సిద్ధం చేసుకున్న వాదన అక్కడితో సరి.

లోపల జ్యోతి తండ్రి, పొలం పనులు చేసుకునే మనిషి, కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే ఉన్నారు. ఎవరూ కూర్చోమనలేదు. నేను కుర్చీ ఆయన వైపు లాగి, "ఈ అమ్మాయి ఎవరితో మాట్లాడిందన్నది ఇక్కడ ప్రశ్నే కాదండీ. బోర్డు పెట్టి మనం అందరికీ అబద్ధం చెప్పాం. నా సంతకంతో చెప్పాం," అన్నాను.

ఎ.ఓ. గారు నింపాదిగా అన్నారు: "సంఖ్య తీసుకోమని మేం చెప్పామా మేడం? ఆ ఏర్పాటు మీదే కదండీ."

నిజమే. అందుకే కోపం రెట్టింపయింది, సగం ఆయన మీద, సగం నా మీద. లేచి వెళ్లి, కరుణా నేనూ పన్నెండు రిసీవర్లూ ఊడదీసి, ప్లాస్టిక్ టబ్బులో తెచ్చి ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టాం.

"ఇది కాలేజీ ఆస్తి," అన్నారు ఎ.ఓ. గారు.

"సరిచూసి తీసుకోండి. ఫైలు ఇప్పుడే నా ముందు చెరిపించకపోతే, జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ జరిగింది జరిగినట్టు ఉత్తరం రాస్తాను," అన్నాను. నా గొంతు వరండాలోకి వినిపించిందని తర్వాత చెప్పారు.

ఫైలు చెరిపారు. సస్పెన్షన్ కాగితం మర్నాడు వెనక్కి తీసుకున్నారు. కానీ జ్యోతిని తండ్రి అప్పటికే ఇంటికి తీసుకెళ్లిపోయారు. ఆ అమ్మాయి మరో కాలేజీలో చేరేసరికి ఒక ఏడాది పోయింది. ఎ.ఓ. గారు తన కుర్చీలోనే ఉన్నారు. నన్ను ఆ సెమిస్టర్ చివర్లో శాఖాధిపతి బాధ్యత నుంచి తప్పించారు. ఆయన మీద కోపం నాకిప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని చూడలేదు కూడా.

మిగిలిన సర్వీసులో ప్రాజెక్టు తెచ్చిన ప్రతి బ్యాచ్‌నీ నేను మొదట అడిగింది ఒకటే: ఈ వివరం లేకపోతే మీ పని ఆగుతుందా? ఆగదంటే, దాన్ని అసలు లోపలికే రానివ్వకుండా మళ్లీ రాసుకు రమ్మన్నాను. తర్వాత చెరిపేస్తామన్నవాళ్లకు మార్కులివ్వలేదు.