అత్తగారి ఐదో గడి

ఆవిడకి పెళ్ళి కాలేదు, కొడుకులూ కోడళ్ళూ అసలే లేరు, అయినా ఆఫీసంతా ఆవిడని అత్తగారు అనే పిలిచేది. ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు మా మేడమీది గది ఖాళీ చేసి కొత్త భవనంలోకి మారమన్నారు. పాత బోర్డులు అట్టపెట్టెల్లో సర్దుదామని కూర్చుంటే ఏది ముట్టుకున్నా ఆవిడే గుర్తొస్తోంది, పని మాత్రం సాగడం లేదు.

మాది చల్లని గదులకి కంట్రోలు పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీ. మందులు దాచే గదుల్లో చలి ఎంతుందో కనిపెట్టి, తేడా వస్తే గోల చేసే పెట్టెలు. బోర్డులకి టంకం పెట్టడం, సెన్సర్లని మాట్లాడించే డ్రైవర్లు సి భాషలో రాయడం, రెండూ నా పనులే. మా రాత ఎంత ముచ్చటగా ఉండేదంటే, ఈ రకం సెన్సరైతే ఇలా చదువు, ఆ రకమైతే అలా చదువు, రెండూ కాకపోతే నీ ఖర్మ. కొత్త సెన్సరు ఒకటి వస్తే పాతవి మూడు పడకేసేవి.

ఆవిడ చేరాక నెల రోజులు ఒక్క లైనూ రాయలేదు. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని మా రాతంతా చదివింది. జీతం దండగ అని నేను గొణుక్కున్నాను కూడా. ఒకరోజు పొద్దున్నే వచ్చి, పెన్సిలుతో ఐదు గళ్ళు గీసిన కాగితం నా ముందు పెట్టింది. లేపడం, చదవడం, రాయడం, పడుకోబెట్టడం, చివరిది ఒంట్లో ఎలా ఉందని అడగడం.

"ఏ పరికరమైనా ఈ ఐదు గళ్ళూ నింపుకుని రావాలి. ఒక్కో గడిలో ఆ పని చేసే ఫంక్షను చిరునామా పెడతావు. పైనున్న ప్రోగ్రాం ఆ గడిని పిలుస్తుంది, అంతే. లోపలున్నది ఏ రకమో దానికి అనవసరం," అంది.

"అంటే ఏ కోడలొచ్చినా ఈ ఇంటి పద్ధతులు ఇవే అంటారు. మీరు అత్తగారండీ బాబూ."

"అత్తగారినే. పుట్టింటి పేరు గుమ్మం దగ్గరే వదిలేసి రమ్మను," అని నవ్వింది. నిజంగానే గుమ్మం దాటి లోపల ఏ సెన్సరు పేరూ కనబడనిచ్చేది కాదు. ఎక్కడైనా నేను ఇరికిస్తే, "టంకం, ఇలా రా," అని పిలిచి తీయించేది. నాకు ఆవిడ పెట్టిన పేరు అది. ఫంక్షనుకి ఏం పేరు పెట్టాలని పూటంతా పోట్లాడుకునేవాళ్ళం, మూత పెట్టిన టీ చల్లారిపోయేది. కొత్త సెన్సరు వస్తే మధ్యాహ్నానికల్లా పలికేది. అంత సుఖంగా నేను మళ్ళీ ఎప్పుడూ పని చేయలేదు.

చిక్కంతా ఐదో గడితో వచ్చింది. చవక సెన్సర్లకి తమ ఒంట్లో ఎలా ఉందో తమకే తెలియదు. గడి ఖాళీగా వదిలేస్తే ప్రోగ్రాం దిక్కూ దివాణం లేని చోటికి దూకి చచ్చిపోతుంది. అందుకని ఖాళీ గళ్ళన్నిటి తరఫునా జవాబు చెప్పడానికి ఆవిడ ఒక చిన్న ఫంక్షను రాసింది. దాని జవాబు ఒక్కటే, "తెలీదు". తెలీదంటే పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంది. సగం పెట్టెలు ఎర్రబడి కూర్చున్నాయి. సరుకు పంపడానికి నాలుగు రోజులే గడువు. మేనేజరు మా గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఎవరైనా ఎలా ఉన్నారంటే బాగానే ఉన్నామంటాం కదండీ. దీనిచేతా అదే చెప్పించండి. కొంప మునుగుతుందా?" అన్నాను.

"తెలియనిదాన్ని తెలుసని చెప్పించడం నాకిష్టం లేదు, టంకం."

రెండు రోజులు వెంటపడ్డాను. చివరికి నా పోరు పడలేక మార్చింది. ఒకే ఒక్క లైను, ఒక సున్నా. మా రాతలో సున్నా అంటే అంతా క్షేమం.

ఏడు నెలలకి ఒక ఆసుపత్రి మందుల గదిలో సెన్సరు తీగ ఊడిపోయింది. నేను రాసిన డ్రైవరు ఆఖరుసారి చదివిన అంకెనే అప్పజెబుతూ పోయింది. ఐదో గడి మూడు రోజులపాటు బాగానే ఉన్నానంది. గది వేడెక్కి మందులన్నీ పాడయ్యాయి. ఎవరికీ ఎక్కించకముందే కనిపెట్టారు, అది మా అదృష్టం.

మేనేజరు మా ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. "ఈ సున్నా ఎవరిది? ఎవరిదైతే వాళ్ళు వెళ్ళిపోవాల్సిందే. ఆసుపత్రివాళ్ళు ఊరుకునేలా లేరు," అన్నాడు. ఆ లైను ఎవరు రాశారో రికార్డులో ఉంది, ఎవరు రాయించారో లేదు. నా భార్యకి అప్పుడు నెలలు నిండాయి. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఆ భయానికి ఇంకో అందమైన పేరు పెట్టను.

ఆవిడ ముందున్న గ్లాసు తీసుకుని నీళ్ళు తాగింది. నిదానంగా, అడుగుదాకా తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టి, "నాదే," అంది.

ఆ సాయంత్రం కూర్చుని ఆ సున్నా తీసేసి మళ్ళీ "తెలీదు" పెట్టింది. నా డ్రైవర్లన్నీ ఒక్కొక్కటే సరిచూసింది. తర్వాత సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతుంటే వెనకాలే వెళ్ళాను.

"ఎలా ఉన్నారండీ?"

"బాగానే ఉన్నానయ్యా."

ఆ జవాబు పుచ్చుకుని ఇంటికెళ్ళిపోయాను.

తొమ్మిదేళ్ళయింది. ఆవిడ పెట్టిన లైను ఇప్పటికీ అలాగే ఉంది. తెలియకపోతే తెలీదని ఒప్పుకునే ఆ ఎర్ర దీపాన్నే మా గొప్పగా చెప్పుకుని మేనేజరు పెట్టెలు అమ్ముతున్నాడు. ఇవాళ సొరుగు అడుగున ఐదు గళ్ళ కాగితం దొరికింది. పెన్సిలు గీతలు సగం చెరిగిపోయాయి. సర్దడం ఆపేసి ఆవిడకి ఫోన్ చేశాను.

"ఎలా ఉన్నావు, టంకం?" అంది, నిన్ననే మాట్లాడుకున్నట్టు.

బాగానే అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"బాగాలేనండీ. ఆ సున్నా నేను రాయించాను. ఆవేళ ఆ మాట చెప్పలేదు."

 అటువైపు పొయ్యి మీంచి గిన్నె దించిన చప్పుడు వినపడింది.

"చెప్తావేమోననే కదయ్యా," అంది, "ఆ గ్లాసు నీళ్ళు అంతసేపు తాగాను."