మాంగనీసు గోతి దగ్గర పిలుపు

మా జియాలజీ మేష్టారు పోయారు. పొద్దున్నే నా క్లాసు మిత్రుడు ఫోన్ చేసి చెప్పాడు. ముందు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ వయసులోనూ సైకిలు దిగని మనిషి మంచం మీద పోవడమేమిటి?

డిగ్రీ ఆఖరి ఏడాది ఆయన మమ్మల్ని సైకిళ్ల మీద రాళ్ల చదువుకి తీసుకెళ్లారు. విజయనగరంలో బయల్దేరి చీపురుపల్లి, బొబ్బిలి మీదుగా సాలూరు కొండల అంచుదాకా వెళ్లి, చివరికి కళింగపట్నం సముద్రపొడ్డున తేలాలి. గుడారాలు, బియ్యం, గిన్నెలు, సుత్తులు అన్నీ సైకిళ్లకే కట్టుకున్నాం. ఎవరి ప్రయాణంలోనైనా తిన్నకొద్దీ మూట తేలికవుతుంది. మాకు బియ్యం తగ్గినకొద్దీ రాళ్లు పెరిగేవి. పిక్కలు పట్టేసి ఒకడు ఏడ్చాడు కూడా, ఎవడని అడక్కండి. సాలూరు దారిలో ఒక లారీ డ్రైవరు జాలిపడి, "ఏటి బాబూ, రాళ్లకోసం ఇంత తొక్కుతన్నారా? ఎక్కీండి, దింపెస్తాను" అన్నాడు. మేష్టారు దణ్ణం పెట్టి పంపేశారు.

"లారీలో ఎల్తే ఊళ్లు కనబడతాయిరా. సైకిలు మీదెల్తే నేల కనబడతాది" అనేవారు.

నిజమే. రాయి గట్టిగా ఉన్నచోట ఎత్తు, మెత్తగా ఉన్నచోట పల్లం. పుస్తకంలో అర్థంకాని సంగతి మోకాళ్లకి అర్థమైంది. బొబ్బిలి దగ్గర పగలగొట్టిన రాయిలో దానిమ్మ గింజల్లాంటి ఎర్ర గార్నెట్లు బయటపడితే, మాకంటే ముందు ఆయనే కేక పెట్టారు. సుత్తి ఎత్తేముందు రాయిని అరచేత్తో ఒకసారి నిమిరేవారు. "అడక్కుండా కొట్టీకూడదు" అనేవారు.

అంతకుముందు చీపురుపల్లి దాటాక జరిగింది మాత్రం నేను మరిచిపోలేను. అక్కడ ఎప్పుడో వదిలేసిన మాంగనీసు గొయ్యి ఒకటుంది. అడుగున నల్లటి నీళ్లు. అలాంటి గోతుల్లో పనిచేసిన పాతవాళ్లకి ఒక పట్టింపు. ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే మూడోసారికి గానీ పలకరు. ఒకటి రెండుసార్లతో ఆపేసేది మనిషి కాదంటారు. మేష్టారు మాకూ అదే నియమం పెట్టారు. మేం నవ్వాం.

"నవ్వండ్రా. మాట గోతి గోడకి తగిలి అటుపక్కనుంచి వస్తాది. దాన్నట్టుకుని నడిస్తే తిన్నగా నీళ్లలోకే" అన్నారు.

మేం గోతి పక్కనుంచి వెళ్లిన ఆ పొద్దున్న మంచు దట్టంగా పట్టింది. నా సైకిలు ముందు చక్రమే నాకు కనబడటం లేదు. ముందునుంచి, ఈ కబురు ఫోన్లో చెప్పిన ఆ మిత్రుడి గొంతే నా పేరుపెట్టి "ఇటు రా" అంది. నియమం గుర్తురాలేదు. "వస్తన్నా" అని పలికి, సైకిలు నడిపించుకుంటూ అటే వెళ్లాను. ఉన్నట్టుండి ముందు చక్రం కింద నేల లేదు.

అప్పుడు వెనకనుంచి మేష్టారు నన్ను పిలిచారు. ఒకసారి, మళ్లీ, మూడోసారి. అక్కడే బిగుసుకుపోయాను. ఆయన వచ్చి చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు. గులకరాళ్లు కింద నీళ్లలో పడుతూనే ఉన్నాయి.

మిత్రుడు ఆయన వెనకే పరుగెత్తుకొచ్చాడు. "నువ్వు పిలిచిన మాట గోడకి తగిలుంటాది, అంతే" అన్నారు మేష్టారు.

"నానసలు పిలవనేదు మేష్టారూ" అన్నాడు వాడు.

ఆయన గోతివైపు కాసేపు చూసి, "బేగి సైకిళ్లు తియ్యండి" అన్నారు. మాకు పాఠం చెప్పకుండా ఆయన వదిలేసిన చోటు అదొక్కటే. నేనివాళ బతికి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష.

కబురు తెలియగానే వాళ్లింటికి వెళ్లాను. మేష్టారి భార్యని మేమంతా అమ్మగారంటాం. ఎలా జరిగిందని అడిగాను.

"పొద్దున్న కాపీ తాగుతా, ఎవులో పిలుస్తన్నారే అన్నారు. నాకినబడనేదు. మజ్జానం మళ్లీ అదే మాట. గుమ్మంలోకెళ్లి సూసేను, ఎవులూ నేరు. సాయంత్రం ఆయన పక్కన కూకున్నాను. అప్పుడు నాకూ ఇనబడింది బాబూ. వీధిలోంచి, ఆయన పేరే."

"ఎవరి గొంతమ్మా?"

"తెలీదు. నాను పలకబోయేను. నా నోటికి సెయ్యడ్డం ఎట్టీసి, 'ఉండే, నిన్ను కాదు' అన్నారు. ఆఁ, వస్తన్నానని ఆయనే పలికేరు."

అమ్మగారు తన అరచెయ్యి నోటికి అడ్డం పెట్టి చూపించారు.

"ఆ సెయ్యి మరి ఆయన తియ్యనేదు బాబూ. నానే తియ్యవలసొచ్చింది."