ఫోన్‌లో తీసేశాను, టీవీలో కనిపించింది

మా అప్పలరాజు నాతోపాటే పోర్టు ఆఫీసులో పనిచేస్తాడు. వాడిని అడిగే రాస్తున్నాను, పేరు కూడా మార్చాను. ఆ మాత్రం బుద్ధి ఇవాళే వచ్చింది.

కుడికన్ను చూపు తగ్గుతోందని మొన్న పరీక్షలు చేయించుకున్నాడు. నాకు తెలిసిన డాక్టరుకి చూపించమని రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. భార్యకి తెలిస్తే బెంగపెట్టుకుంటుంది, చూపించాక తీసేయమన్నాడు. వాడి ఎదురుగానే తీసేశాను.

ఈ సాయంత్రం భార్యాభర్తలిద్దరూ పెందుర్తిలోని మా ఇంటికి టీకి వచ్చారు. మా టీవీ ఖాళీగా ఉంటే మా ఫోటోలు ఒక్కొక్కటే చూపిస్తుంది. ముచ్చటపడి ఆ ఏర్పాటు నేనే చేశాను. అరకు ఫోటో వెళ్లింది, పాప పుట్టినరోజు వెళ్లింది, ఆ తర్వాత తెర నిండా అప్పలరాజు కంటి రిపోర్టు.

"ఏటన్నయ్యా, ఇది మా ఆయన పేరే కదా? కంటాసుపత్రి కాయితం మీ టీవీలో ఎందుకుంది?" అంది వాడి భార్య.

వాడు నా వంక చూశాడు. "డిలీట్ సేసీసినానన్నావు కదా బావా?"

చేశాను, ఫోన్‌లో. వచ్చిన ప్రతి ఫోటోనీ ఫోన్ అప్పటికప్పుడే ఇంటర్నెట్‌లోని క్లౌడ్‌కి ఎక్కించేస్తుందనీ, ఫోన్‌లో తీసేసినా అక్కడ ఉండిపోతుందనీ, టీవీ అక్కడి నుంచే తీసుకుంటుందనీ నాకు తట్టలేదు. దొంగలకి భయపడి ఎంతో గట్టి పాస్‌వర్డ్ పెట్టుకున్నాను. గుట్టు బయటపెట్టింది మాత్రం నా టీవీయే.

ఆవిడ టీ కప్పు పక్కన పెట్టి లేచింది. వెళ్లేటప్పుడు వాడి చేతిలోంచి బండి తాళం తీసుకుంది. వాడు వెనక కూర్చున్నాడు.

ఆవిడకి తెలియడం మంచిదేనని మా ఇంట్లో ఓదారుస్తున్నారు. కానీ అది వాడు చెప్పుకోవాల్సిన మాట.

తిట్టాలనుంటే కామెంట్లో తిట్టండి, పడతాను. ఫోటోలు మాత్రం నాకు పంపకండి.