ఎడమకి ఒరిగిన పడవ

మొన్న మస్కట్లో, అజైబాలోని మా ఇంటికి దగ్గర్లో ఉన్న క్లినిక్కి బీపీ చూపించుకోవడానికి వెళ్తే, అక్కడి నర్సు పిల్ల చెప్పులు విప్పి బరువు మిషను ఎక్కమంది. ఎక్కాను. అంకె చూసి ఆ పిల్ల కాగితం మీద రాసుకుంది గానీ, నేనే దిగడం మర్చిపోయి అక్కడే నిలబడి నాలో నేను నవ్వుకుంటూ ఉండిపోయాను. పాపం, పెద్దావిడకి కళ్ళు తిరుగుతున్నాయేమోనని కంగారుపడి నా చెయ్యి పట్టుకుంది. ఏమని చెప్పను? పన్నెండేళ్ళ కిందట ఇదే ఊళ్ళో నేను నా బరువు పదమూడు కిలోలు తగ్గించి చెప్పి, ఇరవై మంది కూర్చునే పడవని మూడు నెలలపాటు ఒక పక్కకి ఒరగబెట్టానని చెబితే నమ్ముతుందా?

మాది కోనసీమ. నలభై దాటాక ఇంటి పరిస్థితులు బాగోక వంటమనిషిగా మస్కట్ వచ్చాను. మా మేడమ్ గోవా ఆవిడ, స్కూల్లో టీచరు, మనసు మంచిది. ఆవిడకి నా భాష రాదు, నాకు ఆవిడ భాష రాదు, ఇద్దరం చెరో సగం విరిచిన హిందీతో సంసారం నెట్టుకొచ్చేవాళ్ళం. ఉప్పూ కారం గురించి మాట్లాడుకోవడానికి ఆ హిందీ సరిపోయేది కానీ, మనసులో మాట ఒక్కటి బయటపెట్టడానికి సరిపోయేది కాదు. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే కార్డు గీకి, నిమిషాలు చూసుకుంటూ మాట్లాడాలి. ఆ మాటలు కూడా ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరి పెళ్ళి కుదిరింది అన్నంతవరకే. గిన్నెలు తోముతూ నాలో నేనే తెలుగులో మాట్లాడుకుంటుంటే మేడమ్ పిల్లలు వచ్చి వింతగా చూసేవాళ్ళు. ఊరు వదిలి వచ్చిన మనలాంటి వాళ్ళకి ఆ రోజులు ఎలా గడిచాయో వేరే చెప్పక్కర్లేదు.

మా మేడమ్ ప్రతి శుక్రవారం పొద్దున్నే మెరీనా దగ్గర డ్రాగన్ పడవల క్లబ్బుకి వెళ్ళేది. సన్నగా పొడుగ్గా ఉండే పడవ, ముందు కొమ్ములూ కోరలూ ఉన్న డ్రాగన్ తల, జంటలు జంటలుగా పది బల్లల మీద ఇరవై మంది, అందరి చేతుల్లోనూ తెడ్లు. ముందు కూర్చున్న మనిషి డ్రమ్ము కొడుతుంటే ఆ దెబ్బకి ఇరవై తెడ్లూ ఒక్కసారే నీళ్ళలో పడాలి, ఒక్కసారే లేవాలి. ఒకరోజు మనుషులు తక్కువయ్యారని మేడమ్ నన్నూ కారెక్కించుకుని తీసుకెళ్ళింది. గోదావరి పాయల పక్కన పుట్టినదాన్ని, నాకు నీళ్ళంటే భయమేమిటి? భయమల్లా అక్కడ వేసుకోమన్న లైఫ్ జాకెట్ బెల్టు నా నడుముకి అందుతుందో లేదోనని.

మా కెప్టెన్ ఒమానీ ఆయన. ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం, బర్కాలో ఖర్జూరం తోట, మనకన్నా చక్కటి హిందీ. ఆయన దగ్గర ఒక పుస్తకం ఉండేది. కొత్తగా చేరినవాళ్ళు పేరూ బరువూ చెప్పాలి. రెండు వైపులా బరువు సమానంగా పడాలి కాబట్టి ఒకే బల్ల మీద కూర్చునే ఇద్దరూ ఇంచుమించు ఒకే తూకం ఉండాలి, భారీ మనుషులు మధ్యలో, తేలికైనవాళ్ళు ముందూ వెనకా. నా ముందు వరసలో నిలబడినావిడ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. తెలుగు! అదీ రాయలసీమ యాసలో, గలగలా! ఆవిడ వంతు వచ్చింది, యాభై ఆరు అని చెప్పింది. నా వంతు వచ్చింది. నా నోటివెంట యాభై ఎనిమిది అని వచ్చేసింది. నా అసలు బరువు డెబ్భై ఒకటి.

అందులో కొంత ఆడవాళ్ళకుండే సిగ్గు, కాదనను. కానీ ఎక్కువ భాగం ఆ తెలుగావిడ పక్క సీటు కోసమే. మా మేడమ్ నన్ను పైనుంచి కిందికోసారి చూసి, తన జాకెట్ బెల్టు బిగించుకుంది. కెప్టెన్ అసలు తలెత్తనే లేదు. పరాయి ఆడదాని ఒళ్ళు తేరిపార చూడటం గానీ, చెప్పిన బరువుని రెండోసారి అడగడం గానీ ఆయన మర్యాదకి కుదరని పని. అలా ఎనిమిదో బల్ల మీద ఎడమవైపు నేనూ, కుడివైపు ఆవిడా, అంటే మా కడప అక్కా, స్థిరపడిపోయాం.

అక్క నాకన్నా రెండేళ్ళు పెద్దది, మా వీధికి రెండు వీధుల అవతలే ఒక ఇంట్లో పని చేసేది. పడవలో మాట్లాడకూడదని రూలు, మేం మాట్లాడుతూనే ఉండేవాళ్ళం. తెడ్డు ముంచేటప్పుడు నేను ఒక ముక్క, లేపేటప్పుడు ఆవిడ ఒక ముక్క. ఆవిడ భర్త పోవడం, పెద్ద కూతురి అత్తగారి సణుగుడు, నా కొడుకు చదువు, మా మేడమ్ కొబ్బరి వేసి పాడుచేసే పప్పు, అన్నీ ఆ గంటన్నరలో అయిపోవాలి. వారమంతా మూటగట్టి పెట్టుకున్న తెలుగు శుక్రవారం సముద్రం మీద విప్పేదాన్ని. మధ్యలో ఉన్న ఐదో బల్ల మీద ఎడమవైపు జగిత్యాల తమ్ముడు ఉండేవాడు. ఘాలాలో కంపెనీ రూమ్‌లో ఉంటూ సైట్‌లో షట్టరింగు పని చేసేవాడు. నిలువెత్తు మనిషి, చిన్నపిల్లాడి నవ్వు. మేం మరీ రెచ్చిపోతే వెనక్కి తిరగకుండానే, అక్కా, కెప్టెన్ జూస్తుండు, అని హెచ్చరించేవాడు.

సాధన అయ్యాక ఒడ్డున చాప పరిచి అందరం టిఫిన్లు తెరిచేవాళ్ళం. కెప్టెన్ కహ్వా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరాలు తెచ్చేవాడు. డ్రమ్ము కొట్టే ఫిలిప్పీన్స్ పిల్ల నూడుల్స్ తెచ్చేది. అక్క ఉగ్గాని, తమ్ముడు రూమ్‌లో చేసుకొచ్చిన సర్వపిండి, నేను పులిహోర. నా పులిహోర గిన్నె ఎప్పుడూ ముందు ఖాళీ అయ్యేదని ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. ఒకసారి పడవ తలకి కొత్త రంగులు వేస్తే, ఇంత అందంగా ఉంటే కళ్ళు పడవా అని అక్క తన కాటుకతో డ్రాగన్ బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టేసింది. కెప్టెన్ అదేమిటని అడిగి, తెలుసుకుని, ఉండనివ్వమన్నాడు.

అంతా బాగానే ఉంది, పడవ తప్ప. అది ఎడమకి ఒరిగేది. పెద్దగా కాదు, కానీ కుడివైపు వాళ్ళ తెడ్లు పైపైన తేలిపోయేవి, వెనక చుక్కాని పట్టిన మనిషి చేతులు పడిపోయేవి, పడవ తిన్నగా పోకుండా వంకర తిరిగేది. ఎప్పుడు చూసినా పుస్తకంలో రెండు వైపులా లెక్క సరిగ్గానే ఉండేది. కెప్టెన్ పడవని ఒడ్డుకి లాగించి అడుగు తట్టి చూశాడు, బల్లలు కొలిపించాడు. నేను ఆ పక్కనే నిలబడి అందరితోపాటు నోరు నొక్కుకుని ఆశ్చర్యపోయేదాన్ని. సిగ్గులేనితనం కాకపోతే ఏమిటి చెప్పండి!

మేం ఇన్నాళ్ళూ సాధన చేస్తున్న పడవల పందెం ఇంకో వారం ఉందనగా కెప్టెన్ అందరినీ బర్కాలో తన తోటకి భోజనానికి పిలిచాడు. అక్కడ షెడ్డులో ఖర్జూరం బస్తాలు తూచే పెద్ద కాటా ఉంది. ఆయన ఎందుకు పిలిచాడో అప్పుడర్థమైంది. ఎడమవైపు మగవాళ్ళందరినీ వరసగా దాని మీద నిలబెట్టాడు. ఆడవాళ్ళని మాత్రం, మీరు అలా నీడలో కూర్చోండమ్మా అన్నాడు. అందరూ చెప్పినంతే తూగారు, జగిత్యాల తమ్ముడు ఒక్కడే రెండు కిలోలు ఎక్కువ తూగాడు. రూమ్‌లో ఆ వారం బిర్యానీ వండుకున్నారని పక్కవాళ్ళు నవ్వారు గానీ, కెప్టెన్ నవ్వలేదు. భారీ మనిషి తెడ్డు వేస్తూ బయటికి ఒరుగుతున్నాడనీ, పందెం రోజు అతని బదులు తేలికైన మనిషిని కూర్చోబెడతాననీ మెల్లగా, నొచ్చుకుంటూనే చెప్పేశాడు.

తమ్ముడు ఒక్క మాటే అన్నాడు, సార్, నేను వంగుతలేను, సీదానే కూసుంటున్న, అని. తిన్న పళ్ళేలు ఏరుకుని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఎండలో ఆరు రోజులు డ్యూటీ చేసి ఏడో రోజు కూడా నిద్ర మానుకుని వచ్చేవాడు. తను పడవలో కూర్చుంటే చూడటానికి రూమ్‌లో వాళ్ళంతా పందానికి వస్తామన్నారని పొద్దుటి నుంచీ అందరికీ చెబుతూనే ఉన్నాడు. ఇప్పుడు వాళ్ళకి ఏమని చెబుతాడు? ఆ కుళాయి చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది. నిజం చెబితే అక్క పక్క నుంచి నన్ను లేపి మధ్యలోకి పంపేస్తారు. నా వారానికి ఉన్న ఒక్క గంటన్నరా పోతుంది. చెప్పకపోతే ఆ పిల్లాడి సంతోషం పోతుంది. చేతిలో పులిహోర వడ్డించే గరిటె అలాగే ఉంది, లేచి వెళ్ళి కాటా ఎక్కాను.

అందరూ నా వైపు తిరిగారు. కెప్టెన్ చటుక్కున మొహం ఖర్జూరం చెట్ల వైపు తిప్పుకున్నాడు, మహానుభావుడు, అప్పుడు కూడా మర్యాదే! చూసి చెప్పేవాళ్ళు లేక నేనే తమ్ముణ్ణి కేకేశాను. తడి చేతులతో వచ్చి ముల్లు చూసి, నా మొహం చూసి, చిన్న గొంతుతో, డెబ్బై ఒకటక్కా, అన్నాడు. నేను యాభై ఎనిమిది చెప్పానని, పడవ ఒరిగేది నావల్లేనని, అతని తప్పేమీ లేదని నా విరిచిన హిందీలో చెప్పేసి భోరుమన్నాను. మా మేడమ్ వచ్చి నా భుజం చుట్టూ చెయ్యి వేసింది. కెప్టెన్ చెట్లనే చూస్తూ పుస్తకం తీసి, అంకె కొట్టేసి, దిద్దుకున్నాడు. తర్వాత ఆయన భుజాలు కదలడం చూసి ఆయన నవ్వుతున్నాడని తెలిసి, నాకూ నవ్వొచ్చింది.

అక్కకి మొహం ఎలా చూపించాలా అని నేను చచ్చిపోతుంటే, ఆవిడ తీరిగ్గా వచ్చి పక్కన కూర్చుంది.

“నాకెప్పుడో తెలుసులే మే. నువ్వు కూర్చుంటానే నా పక్క బల్ల పైకి లేస్తాంటే తెలీదా? అందుకే గదా ఇన్నాళ్ళూ నేను బయటికి ఒరిగి కూర్చునేది.”

చీర కొంగు పక్కకి జరిపి కుడి పక్క నడుము చూపించింది. పడవ అంచు ఒరుసుకుని అరచేతి మేర నల్లగా కమిలిపోయి ఉంది. తిన్నగా కూర్చోమని కెప్టెన్ ఎన్నిసార్లు అరిచినా హిందీ రానట్టు నటించిందట. ఎందుకు చెప్పలేదక్కా అని అడిగితే, చెప్తే నిన్ను మారుస్తారని, నాకు మాత్రం మాట్లాడేదానికి ఇంకెవరుండారు, అంది. అంత ఏడుపు నేను మా ఊరు వదిలి వచ్చిననాడు కూడా ఏడవలేదు.

అనుకున్నట్టే నన్ను ఐదో బల్లకి, తమ్ముడి పక్కకి మార్చారు. అక్కని రెండో బల్లకి పంపారు. పందెం రోజు ఘాలా నుంచి బస్సు వేసుకుని వచ్చిన తమ్ముడి రూమ్ వాళ్ళు గట్టు మీద ఈలలు వేస్తుంటే మా పడవ బాణంలా తిన్నగా పోయింది. ఆరు పడవల్లో నాలుగో స్థానంలో వచ్చాం, గెలిచినవాళ్ళు కూడా మా అంత గోల చెయ్యలేదు. పందెమంతా నేను డ్రమ్ము వినలేదు, ముందున్న అక్క భుజాలనే చూస్తూ అవి లేచినప్పుడు లేపి, పడినప్పుడు ముంచాను. ఆ తర్వాత కూడా క్లబ్బుకి వెళ్తూనే ఉన్నాం, ఒడ్డున చాప మీద మాట్లాడుకుంటూనే ఉన్నాం, కానీ పడవలో మళ్ళీ పక్కపక్కన కూర్చోలేదు. ఇంకో రెండేళ్ళకి అక్క కడప వెళ్ళిపోయింది.

ఇప్పుడా క్లబ్బులో పడవలు కొత్తవి, మనుషులు కొత్తవాళ్ళు. బరువు ఫోన్లోనే నింపాలి, ఎవరెక్కడ కూర్చోవాలో ఫోనే చెబుతుంది. ఈ కాలం ఆడపిల్లలు డెబ్భై అని, ఎనభై అని ఏ జంకూ లేకుండా రాసేస్తున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది, మనకా ధైర్యం ఎక్కడ ఏడ్చింది! తమ్ముడు ఫోర్‌మన్ అయ్యాడు, పండక్కి వచ్చి నా చేతి వంట తిని వెళ్తాడు. నాకిప్పుడు తెలుగుకి కరువే లేదు, పొద్దున లేస్తే ఫోన్ నిండా తెలుగే. అక్క కూడా రోజూ వీడియోలో కనిపిస్తుంది, మనవరాలికి జడ వేస్తూ గంట మాట్లాడుతుంది. ఫోన్లో మొహం తప్ప ఏమీ కనపడదు కదా, నిన్న కూడా నన్ను చూసి, బాగా తగ్గినావు మే, సరిగ్గా తింటాండావా అని బెంగపడింది. ఏమీ తగ్గలేదక్కా అని చెప్పాను, నమ్మలేదు. నా పక్కన అదే బల్ల మీద కూర్చుని ఉంటే ఆవిడకి నేను చెప్పాల్సిన పనే ఉండేది కాదు.